నా వ్యాసంలోంచి తీసేసిన చెల్లెలు

నా వ్యాసంలోంచి ఒక ఆడమనిషిని తీసేసినారు. నన్ను ఒక మాట అడగలేదు. ఆమెను తీసేసి, ఆమె కోసం నేనేసిన తొమ్మిది మార్కుల్ని మాత్రం అట్లనే అచ్చు వేసినారు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక కూడా పెట్టినారు: 'రచయిత జ్ఞాపకం పొరబడిన భాగాన్ని తొలగించాం.'

జరిగిన తప్పు ఇదీ. ఇంక మొదటినుంచి చెప్తాను.

మా ప్రొద్దుటూరులో సినిమాలంటే పిచ్చి ఉన్న చదువుకున్న పిల్లలు కొందరు కలిసి ఒక చిన్న సంచిక తెస్తున్నారు. కాలేజీలో పాఠాలు చెప్పే ఒక అమ్మాయి దానికి సంపాదకురాలు. ఒకరోజు మా ఇంటికొచ్చి, "తాతా, మీ కాలం సినిమా ఒకటి మళ్లీ తలుచుకొని రాయండి. చివర్లో పదికి ఎన్ని మార్కులో వేయండి" అని అడిగింది. నేను బడికి పోయినవాణ్ణి కాదు. బట్టలంగడిలో తానులు విప్పుతా, మడుస్తా బతికినవాణ్ణి. బట్టల బేళ్ల మీద ముద్రలు, పొట్లం కట్టిన కాగితాలు, గోడల మీద సినిమా పోస్టర్లు, ఇవి చూసి నాకు నేనే అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు అట్లనే, ఇంగ్లీషు అట్లనే. అట్లాంటివాణ్ణి పిలిచి రాయమంటే ఊరికే రాస్తానా? ఒక్కొక్క వాక్యం నోట్లో వేసుకొని నమిలి రాసినాను.

నేను ఎంచుకున్నది ఆ ఇంగ్లీషు గూఢచారి వరుసలో ఒక పాత సినిమా. ఆ వరుస ఇప్పటికీ ఆగలేదు. హీరోకు వయసైపోతే ఇంకొకణ్ణి తెచ్చి అదే కోటు తొడుగుతారు. ఆ వరుసలో నేను చూసినవాటిల్లో నాకు నచ్చిందీ, నచ్చిన కారణం చెప్పగలిగిందీ ఇదొక్కటే. కారణం ఆ చెల్లెలు. ఆమె ఎవరో చెప్పాలంటే మా ఊరి మ్యాట్నీ సంగతి చెప్పాలి.

అప్పట్లో మా ఊరి టాకీసులో ఇంగ్లీషు సినిమా అంటే మ్యాట్నీకే. ఫస్టు షోకు తెలుగు సినిమా ఉంటుంది. మధ్యాన్నం ఎండకు బయట తిరగలేక, ఫ్యాన్ల కింద కూర్చుందామని జనం వచ్చేవాళ్లు. పత్తి మిల్లులో పనిచేసే ఆడోళ్లు పనిలేని దినాల్లో గుంపుగా వచ్చి నేల మీద కూర్చునేవాళ్లు. తెర మీద మాట్లాడేది ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాదు. అందుకని టాకీసాయన ఒక మనిషిని పెట్టినాడు. ఆయన తెర పక్కన మైకు పట్టుకొని నిలబడి, జరిగేదంతా మన తెలుగులో చెప్తాడు. నాటకాలు ఆడిన గొంతు. హాలంతా నిండిపోయేది.

ఆయన తెలుగులోకి మార్చడం అంటే మాటకు మాట మార్చడం కాదు. గూఢచారి విమానం దిగితే, "సింహాద్రిపురంలో బస్సెక్కి మైదుకూరులో దిగినంత సులువుగా దిగినాడు సూడండి" అనేవాడు. కొండ చరియ మీద దుర్మార్గుడి కోట కనపడితే, "ఇది వాళ్ల గండికోట. కింద పారేది మాత్రం పెన్న కాదు, సముద్రం" అనేవాడు. మధ్యలో ఎవరన్నా నేల మీదనుంచి, "ఓ అప్పా, వాడు తాగేది ఏంది?" అని అడిగితే, "నీకు డాక్టరు వద్దన్నది" అని జవాబిచ్చి మళ్లీ కథలోకి పోయేవాడు.

ఆ గూఢచారి సినిమాకు పోయిన పొద్దు చూసిన కథ ఇదీ. పావురాలు పెంచే ఒక కోటీశ్వరుడు దేశాలకు దేశాల్ని చీకట్లోకి నెట్టాలని చూస్తాంటాడు. గూఢచారి అతన్ని పట్టుకోవాలి. ఒక పెద్ద హోటల్లో పియానో వాయించే అమ్మాయి గూఢచారికి సాయం చేస్తుంది. అది కనిపెట్టి దుర్మార్గుడి మనుషులు ఆమె కారును ఘాట్ రోడ్డు మీదనుంచి లోయలోకి తోసేస్తారు. గూఢచారి అంచు దాకా వచ్చి కిందికి చూస్తాడు. టై సర్దుకుంటాడు. పోతాడు.

తరువాత కాసేపటికి అదే ముఖం మళ్లీ హోటల్లో కనపడుతుంది. హాల్లో ఒకటే గోల. "సచ్చిపోయింది గదరా! దయ్యమా ఏంది?" అని. మైకులో ఆయన గొంతు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ వచ్చింది. "ఈమె ఆమె కాదు. ఆమె చెల్లెలు. కవల పిల్లలు. అక్క ఏమైందో అడగడానికి వచ్చింది."

హాలు నిమ్మళించింది. ఆ చెల్లెలు మెట్ల మీద గూఢచారికి ఎదురుపడి చెంప మీద ఒకటి పీకింది. మైకులో మాట: "మా అక్క యాడుందిరా? నీ పనికి వాడుకున్న్యావు, పడిపోతే ఒంగి సూసి పోయినావు. ఆమెకు ఒక పేరుండె అని నీకు గుర్తుందా?" గూఢచారి తల దించుకున్నాడు. అంత పెద్ద మొగోడు, ఎవరు కాల్చినా గుండు తగలనివాడు, ఆ మెట్ల మీద తల దించుకొని నిలబడినాడు.

నేను అంగడిలో మధ్యాన్నం సెలవు అడుక్కొని పోయినవాణ్ణి. ఆ వయసులో నాకు కొట్లాటలు కావాల. కానీ ఇంటికి నడిచి వస్తాంటే కొట్లాట ఒక్కటీ గుర్తు రాలేదు. దించుకున్న ఆ తల గుర్తొచ్చింది. ఆ తరువాత ఎన్ని సినిమాలు చూసినా, పక్కన పడిపోయే మనుషుల్ని లెక్కలోకి తీసుకోని హీరోలను చూసినప్పుడంతా, ఆ ఒక్కణ్ణి అడిగినారు, మిగతావాళ్లను అడిగేవాళ్లే లేరు అనుకునేవాణ్ణి. వ్యాసంలో రాసిందీ అదే. 'ఈ వరుసలో హీరోను నిలబెట్టి జవాబు అడిగిన సినిమా ఇదొక్కటే. కాబట్టి తొమ్మిది. ఒకటి తగ్గించింది పావురాలకు.'

అచ్చయిన దాంట్లో పావురాలున్నాయి. చెల్లెలు లేదు.

నేను కాలేజీకే పోయినాను. సంపాదకురాలు నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. మర్యాదకేం తక్కువ లేదు.

"పాపా, నా మనిషి ఏమైంది?"

"తాతా, మేం సినిమా పెట్టి చూసినాం. ఇద్దరు ముగ్గురం కూర్చొని చూసినాం. ఆ అమ్మాయికి చెల్లెలే లేదు."

"నేను చూసినా."

"చాలాకాలమైంది కదా తాతా. ఇంకేదో సినిమా కలిసిపోయి ఉంటుంది. మా నాన్న కూడా ఇంతే."

"మీ నాయన సంగతి నాకు తెల్దు. నేను ఇంటికి తాళం వేసినానో లేదో మరిచిపోతా. ఇది మరిచిపోను. తీసేస్తే తీసేస్తిరి, తొమ్మిది ఎందుకుంచినారు? ఆమె లేకపోతే తొమ్మిది యాడివి?"

ముందరున్న సంచిక మూసి, "సాక్ష్యం ఏదైనా తెండి తాతా. వచ్చే సంచికలో తప్పకుండా వేస్తాం" అనింది.

సాక్ష్యం! చదువు లేనివాడికి ఉండేది మాటే. నా దగ్గర సర్టిఫికెట్టు లేదు, డిగ్రీ లేదు. 'ఆయన చెప్తే నిజమేలే' అని నలుగురు అనుకోవడం ఒక్కటే ఉంది. దాన్ని చిన్న అక్షరాల్లో కొట్టేసినారు. ఊర్లో ఆ సంచిక చదివేవాళ్లు తక్కువే. కానీ ఆ తక్కువమందే నాతో పొద్దున పూట టీ తాగేవాళ్లు. ఒకాయన నవ్వుతా, "ఏంది, సినిమాలో లేనోళ్లు కూడా నీకు కనపడతాండారంట?" అని అడిగినాడు. టీ సగంలో పెట్టి వచ్చేసినాను.

జమ్మలమడుగులో నాకొక స్నేహితుడు ఉన్నాడు. చూపు తగ్గి మిషను మానేసిన దర్జీ. వయసులో ఉన్నప్పుడు ఆ ఊరి టాకీసులో గేటు దగ్గర టిక్కెట్లు చించినాడు. నేను ఆయన్ని మామా అంటాను, ఆయనా నన్ను మామా అంటాడు. ఎవరికి ఎవరు మామో ఇంతవరకు తేలలేదు. కొడుకులు కువైట్‌లో ఉన్నారు. వాళ్లు కొనిచ్చిన టీవీ ఆయన ఇంట్లో ఒక గోడంత ఉంది. అదే సినిమా, అదే కాలంలో, ఆయన జమ్మలమడుగులో చూసినాడని నాకు తెలుసు. బస్సెక్కి పోయినాను.

"ఏంది మామా, ఇంత ఎండలో వస్తివి? ఎవురన్నా పోయినారా?"

"పోయింది. నా వ్యాసంలోంచి ఒకాయమ్మ పోయింది."

సంగతంతా చెప్పినాను. ఆయన గడ్డం నిమురుకుంటా విని, "చెల్లెలా? ఏ చెల్లెలు?" అన్నాడు. "ఆ సినిమా ఆడినన్ని దినాలు గేటుకు ఆనుకొని చూసినా. ఆ పిల్లకు అక్కా లేదు, చెల్లెలూ లేదు, అమ్మా నాయనా కూడా ల్యా. ఆకాశం నుంచి ఊడిపడినట్టు వచ్చి, కార్లో పడి సచ్చిపోయింది. మీ ప్రొద్దుటూరోళ్లు నగలకు రాళ్లు పొదిగినట్టు సినిమాకు చెల్లెళ్లను కూడా పొదుగుతారేమో."

"టీవీ పెట్టు మామా. సూద్దాం."

పెట్టినాడు. ఇప్పుడు దానికి తెలుగు మాటలు కూడా అతికించినారు. ఆ తెలుగు ఏ ఊరిదో చెప్పేవాడికి తెల్దు, వినేవాడికి తెల్దు. ఎవరి గొంతులోనూ తడి లేదు. సరే, సినిమాకు మార్కులు వేయడానికి కూర్చున్నప్పుడు న్యాయంగా వేయాలి కాబట్టి, మనసు పెట్టి చూసినాను.

బాగుండేవి బాగున్నాయి. ఆ ఘాట్ రోడ్డును తీసినవాడు మామూలోడు కాదు. మలుపు మలుపుకూ మనం కూడా పక్కకు ఒరుగుతాం. ఇప్పటి సినిమాల్లో మాదిరి రెప్పపాటుకు ఒక ముక్క అతికించరు. కారు ఎటు పోతాందో, మనిషి ఎటు చూస్తాండాడో తెలిసేంతసేపు చూపిస్తారు. దుర్మార్గుడు అరవడు. పావురానికి గింజలు వేస్తా మనిషిని చంపమని చెప్తాడు. అది చూసి అప్పుడు నవ్వినాను, ఇప్పుడు భయం వేసింది. పావురాలకు తగ్గించిన ఆ ఒక్క మార్కు తిరిగి ఇవ్వాల్సిందే అనుకున్నాను.

బాగలేనివీ ఉన్నాయి. ఎండలు కాసే దేశానికి పోయినప్పుడంతా అక్కడి మనుషులు పళ్లెం పట్టుకొని నిలబడేవాళ్లో, కత్తి పట్టుకొని పరిగెత్తేవాళ్లో అయి ఉంటారు. కూర్చొని మాట్లాడేవాడు ఒక్కడు లేడు. అప్పుడు ఇది నా కంటికి ఆనలేదు. ఇప్పుడు ఆనుతుంది.

ఆ మెట్లు వచ్చినాయి. ఇంకా కారు లోయలో పడలేదు. పియానో వాయించే అమ్మాయి బతికే ఉంది. తన గదిని గూఢచారి దొంగచాటుగా వెతికినాడని తెలిసి మెట్ల మీద చెంప మీద కొట్టింది. గూఢచారి తల దించినాడు. నేను ముందుకు వంగినాను. దించింది సిగరెట్టు ముట్టించుకోవడానికి. ముట్టించుకొని, పొగ వదిలి, నవ్వినాడు.

ఆ తరువాతే కారు పడింది. అంచు దాకా వచ్చినాడు, టై సర్దుకున్నాడు, పోయినాడు. ఇంక చివరిదాకా ఆమె మాట ఎవరూ ఎత్తలేదు. ఆఖర్న పడవలో ఇంకొక అమ్మాయి పక్కన కూర్చొని నవ్వుతాంటే సినిమా అయిపోయింది. మైకాయన ఆ పడవను చూపించి, 'చెల్లెలుండే ఊరికి పోతాండాడు, చెప్పుకోవాల్సింది చెప్పుకోవడానికి' అన్నాడని నాకు గుర్తు.

"సూస్తివా?" అన్నాడు స్నేహితుడు. గెలిచినట్టు అనలేదు. నా ముఖం చూసి నెమ్మదిగానే అన్నాడు.

"ఆరు" అన్నాను.

"ఏంది ఆరు?"

"మార్కులు. దీనికి ఆరు. పావురాలతో కలిపి."

టీ తెప్పించినాడు. తాగుతా తాగుతా సగంలో ఆగి, తొడ మీద చరుచుకున్నాడు. "అరే మామా! పెట్టె! పెట్టె తప్పిపోయిన పొద్దు!"

అప్పట్లో ఒక్క ప్రింటుతో రెండు ఊర్లలో సినిమా ఆడించేవాళ్లు. జమ్మలమడుగులో ముందు మొదలుపెడతారు. ఒక పెట్టెలోని రీళ్లు అయిపోగానే ఆ పెట్టెను బస్సులో వేస్తే ప్రొద్దుటూరుకు వస్తుంది. ఇక్కడ అది ఆడుతుండగా తరువాతి పెట్టె వస్తుంది. బస్సులో వేసే పని గేటు దగ్గరుండే ఈయనదే.

"ఆ పొద్దు రెండో పెట్టె ఎక్కించిన బస్సు టైరు పోయి దోవలో నిలబడిపోయింది మామా. మాకు తెల్దు. మూడో పెట్టె అయిపోయినాక, మా ఓనరు బావమరిది మోటారుసైకిల్ మీద మీ ఊరికి పోతాంటే ఆయనకు కట్టిచ్చి పంపిస్తి. అది ముందు చేరింది. రెండోది యెనకాల చేరింది, ఆఖరిది నాలుగోది దాని యెనకాల. మీవాళ్లు ఏది చేతికొస్తే అది ఆడిచ్చినారు. మరుసటి దినం మీ ఓనరు వచ్చి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉండాయి."

అంటే ఆ అమ్మాయి చచ్చిపోయేది ముందు చూసినాం, బతికి తిరిగేది తరువాత చూసినాం. చచ్చిపోయిన ముఖం మళ్లీ కనపడితే జనం కుర్చీలు విరగ్గొడతారు. ఆ క్షణంలో మైకు పట్టుకున్నాయన చెల్లెల్ని పుట్టించినాడు.

నాకు ముందు వచ్చింది సంతోషం. నా మతి పోలేదు. నేను విన్నది విన్నట్టే రాసినాను. ఆ వెనకాలే కోపం వచ్చింది. ఇంతకాలం నేను నెత్తిన పెట్టుకున్నది ఒక బస్సు టైరా? బస్టాండులోంచే సంపాదకురాలికి ఫోను చేసి అంతా చెప్పినాను.

"చాలా బాగుంది తాతా" అనింది. "కానీ మీరే ఒప్పుకుంటున్నారు కదా, ఆమె సినిమాలో లేదని."

"సినిమాలో లేదు. మా ఊర్లో ఉన్నింది."

ఆమె అనింది, "అయితే ఆ చెప్పినాయన చేత చెప్పించండి. ఆయన మాటగా వేస్తాం."

ఆయన పులివెందులలో కూతురి దగ్గర ఉంటున్నాడని విచారిస్తే తెలిసింది. ఫోను చేస్తే కూతురు ఎత్తి, "నాయనకు చెవులు సరిగ్గా వినపడవు పెద్దాయనా, అడిగి చెప్తా" అనింది. చెప్పలేదు. మళ్లీ చేసినాను. మళ్లీ చెప్పలేదు. ఆ ఊరికి పోయే ఒక తెలిసినాయనతో కబురు పంపినాను. "నవ్వినాడు, ఏమీ చెప్పలే" అని తిరుగు కబురు వచ్చింది. నవ్వితే సంచికలో ఎట్ల వేస్తారు? ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కి నేనే పోయినాను.

ఇంటి ముందర అరుగు మీద కూర్చొని శెనక్కాయలు వొలుస్తాండాడు. మనిషి చిక్కిపోయినాడు. హాలు నిండిన ఆ గొంతు ఇప్పుడు పక్కన కూర్చుంటే గానీ వినపడదు. నేను మాత్రం వీధి చివరిదాకా వినపడేట్టు అరవాల్సి వచ్చింది. నేనెవరో చెప్పుకొని, టాకీసు గుర్తుచేసి, పెట్టె తప్పిన పొద్దు గుర్తుచేసినాను. తల ఊపినాడు. ఒక పిడికెడు శెనగిత్తనాలు నా చేతిలో పోసినాడు.

"ఆ పొద్దు చెల్లెలని చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"సినిమాలో లేదు గదా?"

"ల్యా."

"అంటే మాకు అబద్ధం చెప్పినావు! నేను ఇన్నేండ్లూ దాన్ని పట్టుకొని తిరిగినా. తొమ్మిది మార్కులేసినా!"

"పదికా?"

"పదికే."

"ఒగటి ఎందుకు తగ్గిచ్చినావు?"

"పావురాలకు."

"అవి నేను పెట్టలేదప్పా" అన్నాడు. అని మళ్లీ వొలవబట్టినాడు.

వీధిలో పోయే ఇద్దరు ఆగి మమ్మల్ని చూసి పోయినారు. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఆరు మార్కులు సినిమావి. మిగతా మూడు ఈయనవి. ఆ మూడూ జనాన్ని నోరు మూయించడానికి అప్పటికప్పుడు తోచిన ఉపాయమేనా, ఇంకేమన్నా ఉందా? అది తెలియకుండా మళ్లీ బస్సెక్కబుద్ధి కాలేదు. సంచిక సంగతి కూడా అప్పుడు గుర్తులేదు. ఆయన చెవి దగ్గరికి వంగి, వీలైనంత మెల్లగా అరిచి, అడగాల్సింది అడిగినాను. గోల ఆపాలంటే కల అని చెప్పొచ్చు గదా, దయ్యమని చెప్పొచ్చు గదా, గూఢచారికి గుర్తుకొస్తాందని చెప్పొచ్చు. ఇవన్నీ సులువు. చెల్లెలే ఎందుకు?

చేతిలోని కాయ వొలవకుండా పట్టుకొని, అరుగు కిందికి, నేల మీదికి చూస్తా చెప్పినాడు.

"కల అనే చెప్దామనుకుంటినప్పా. నోటి దాకా వచ్చింది. అంతలో నేల మీదనుంచి పత్తి మిల్లు ఆయమ్మ ఒకామె లేసి నిలబడి నన్ను అడిగె, 'నాయనా, ఆ సచ్చిపోయిన పిల్లకు ఎవురూ ల్యారా? ఆ పిల్ల కోసరం ఒక్కరన్నా వచ్చి అడగరా?' అని. తెర మీదోళ్లను అడగలే, నన్ను అడిగింది. మైకు నా చేతిలో ఉండె. ఎవురూ ల్యారమ్మా అని ఎట్ట చెప్తా? చెల్లెలుంది, వచ్చిందిలేమ్మా, కూర్చో అని చెప్తి."